నాన్న కిటికీ.. నా నాచు

ఉప్పాడలో ఉంటూ ఇంట్లో చేపలు పెంచుతున్నానంటే నవ్వనివాళ్ళు లేరు. వీధి చివరికి వెళ్తే సముద్రం. పొద్దున్నే ఒడ్డుకెళ్తే తట్టల్లో చేపలు, వాటి చుట్టూ వేలం పాటలు. అలాంటి ఊళ్ళో రెండడుగుల గాజు తొట్టి కొని, అందులో వేలెడంత లేని చేపల్ని వేసి, వాటికి మూడు పూటలా మేత వేస్తున్నాడంటే ఏమనుకుంటారు? మా అమ్మయితే పక్కింటి అత్త దగ్గర తేల్చేసింది. “పెళ్ళి చేసుకోరా అంటే చేపల పెట్టె తెచ్చుకున్నాడు వదినా. అవి కూరకీ పనికిరావు.”

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. కాకినాడలో ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ, కరోనా టైంలో హాస్టల్ ఖాళీ చేసి ఇంటికొచ్చేసినవాణ్ణి. ఇప్పుడు నెలకోసారి ఆఫీసుకి మొహం చూపించి వస్తే సరిపోతుంది. మిగతా రోజులు మా ముందుగదే నా ఆఫీసు.

ఆ ముందుగది ఒకప్పుడు మగ్గం గది. గుంట మగ్గం. అమ్మా నాన్నా పక్కపక్కన కూర్చుని నేసేవారు. జాందానీ ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. పేక పోగు ఒకటి పడ్డాక ఆగి, ప్రతి బుటాకీ విడివిడిగా దారాన్ని వేళ్ళతో ఎక్కించాలి. ఇద్దరు చెరో సగం చూసుకుంటారు. అందుకే ఆ చీర బాగున్న వైపు ఏదో, లోపలి వైపు ఏదో చెప్పడం కష్టం. ఉప్పాడ జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు నేను బడికెళ్ళే వయసులో ఉన్నాను. మాకెందుకో అంతా పండగలా అనిపించింది. నాన్న మాత్రం ఆ రోజు కూడా ఎనిమిదింటికి గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడు.

రెండేళ్ళ కిందట నాన్నకి మోకాళ్ళు వంగడం మానేశాయి. కళ్ళకి ఆపరేషన్ అయింది. మగ్గం విప్పి అటక మీద పెట్టాం. గుంట పూడ్చి టైల్స్ వేయించాను. ఆ టైల్స్ మీదే నా టేబుల్, కుర్చీ, రెండు మానిటర్లు. తూర్పు గోడకి ఉన్న పెద్ద కిటికీ మాత్రం అలాగే ఉంది. మగ్గం పోయాక కూడా నాన్న ఎనిమిదింటికి వచ్చి ఆ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడం మానలేదు. పేపరు చదివేవాడు కాదు. ఫోను చూసేవాడు కాదు. ఊరికే కూర్చునేవాడు.

అది చూడలేకే అక్వేరియం కొన్నాను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. నాకు సరదా పుట్టి కొన్నట్టే చెప్పాను.

60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు. లెక్క ప్రకారం 54 లీటర్లు. అడుగున మట్టి, పైన సన్న ఇసుక, ఒక చెట్టు మొద్దు, ఐదారు రకాల మొక్కలు, పది గప్పీలు, పన్నెండు ఎర్రటి చెర్రీ రొయ్యలు. మా బోరు నీళ్ళు కాస్త ఉప్పన. అందుకని సగం బోరు నీళ్ళు, సగం మినరల్ వాటర్ టిన్నుల్లోవి కలిపి పోశాను. కిటికీకి ఎదురుగా, నాన్న కుర్చీకి మూరెడు దూరంలో పెట్టాను. పొద్దుటి ఎండ అందులోంచి దూరి ఇసుక మీద అలలు అలలుగా కదులుతుంటే చాలా బాగుంది. నాన్న ఆ రోజు ఏమీ అనలేదు కానీ, కుర్చీ కిటికీ వైపు నుంచి తొట్టి వైపుకి తిప్పుకున్నాడు.

నెల తిరక్కుండానే నాచు మొదలైంది.

ముందు గోధుమ రంగు పొర. గాజు మీద, ఆకుల మీద దుమ్ములా. కొత్త తొట్టెల్లో ఇది మామూలేనట. డయాటమ్స్ అంటారు. వేలితో తుడిస్తే పోతుంది. దాని తర్వాత గాజంతా ఆకుపచ్చ పొడి. ఆ తర్వాత అసలుది దిగింది: దారం నాచు. ఆకుల అంచుల్నించి పచ్చటి పోగులు మొదలై వారంలో జానెడు పొడవు పెరిగాయి. ఫిల్టరు గొట్టం మీద నల్లగా కుచ్చులు లేచాయి. బ్లాక్ బియర్డ్ ఆల్గే అంటారు దాన్ని. చూడ్డానికి నలుపే కానీ అది ఎర్ర నాచుల జాతి. తీసి స్పిరిట్‌లో వేస్తే ఎర్రగా తేలిపోతుంది. నేను వేసి చూశాను కూడా. ఇంజనీరింగ్ బుద్ధి.

ఆ బుద్ధితోనే ఎక్సెల్ షీటు తెరిచాను. తేదీ, నీటి వేడి, పీహెచ్, నైట్రేట్, ఎన్నిసార్లు నీళ్ళు మార్చాను, ఏ నాచు ఎంత ఉంది. వారం తర్వాత నాకు దొంగ దొరికాడు. కిటికీ. పొద్దున ఏడు నుంచి పదింటిదాకా తొట్టి మీద నేరుగా ఎండ. నాచుకి అంతకన్నా ఏం కావాలి? ఆ సాయంత్రమే కాకినాడ వెళ్ళి మందపాటి కర్టెన్ తెచ్చి కట్టాను.

మర్నాడు ఎనిమిదింటికి చూస్తే కర్టెన్ పక్కకి తీసి ఉంది. మళ్ళీ వేశాను. కాల్ ముగించుకుని వచ్చేసరికి మళ్ళీ తీసి ఉంది. ఇలా నాలుగు రోజులు. ఐదో రోజు నాకు ఆఫీసులో ఏదో రిలీజ్ టెన్షన్. కర్టెన్ మళ్ళీ తీసి ఉండడం చూసి అనేశాను.

“మగ్గమే లేనప్పుడు ఇంక కిటికీతో పనేంటి నాన్నా?”

నాన్న నా వైపు చూడలేదు. లేచి, కర్టెన్ తనే వేసి, అరుగు మీదికి వెళ్ళిపోయాడు. మర్నాడు ఎనిమిదింటికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అమ్మ కాఫీ గ్లాసు నా టేబుల్ మీద పెట్టేటప్పుడు కాస్త గట్టిగా పెట్టింది. అంతే. మా ఇంట్లో గొడవలు ఇంతకు మించి చప్పుడు చెయ్యవు.

గదిలో చీకటి. నాచు మాత్రం తగ్గలేదు.

తగ్గకపోయేసరికి మందు తెప్పించాను. నాచు చంపే ద్రవం, ఇన్ని లీటర్లకి ఇన్ని మిల్లీలీటర్లు అని సీసా మీద ఉంది. 54 లీటర్లకి లెక్కకట్టి పోశాను. ఇక్కడ రెండు తప్పులు చేశాను. ఒకటి, 54 అనేది ఖాళీ తొట్టి లెక్క. మట్టి, ఇసుక, మొద్దు, పైన వదిలిన రెండంగుళాలు తీసేస్తే లోపల నిజంగా ఉన్నవి 40 లీటర్ల చిల్లర. అంటే నేను పోసింది అవసరానికి మించిన మోతాదు. రెండోది ఇంకా పెద్దది. ఆ మందులో ఉన్నది రాగి. రొయ్యలకీ నత్తలకీ రాగి విషం. సీసా వెనక ఆవగింజంత అక్షరాల్లో రాసే ఉంది. కోడ్ రివ్యూలో జూనియర్ల చేత డాక్యుమెంటేషన్ చదివించేవాణ్ణి నేను.

తెల్లవారుజామున ఐదింటికి నాన్న లేపాడు. “ఒరేయ్, నీ చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయిరా.”

పరిగెత్తుకెళ్ళేసరికి గప్పీలన్నీ నీటి మట్టానికి మూతులు ఆనించి ఉన్నాయి. అడుగున ఇసుక మీద రొయ్యలు పక్కకి తిరిగి పడున్నాయి. చచ్చిన నాచు కుళ్ళుతూ నీటిలోని ఆక్సిజన్ లాగేసింది. నేను ఫోన్లో ఏం చెయ్యాలో వెతుకుతుంటే, నాన్న వంటింట్లోంచి చెంబు తెచ్చి, తొట్టిలో నీళ్ళే ముంచి మూరెడు ఎత్తు నుంచి మళ్ళీ అందులోకే ధారగా పొయ్యడం మొదలుపెట్టాడు. టీ చల్లార్చినట్టు. గాలి కలవడానికి అంతకన్నా మంచి ఉపాయం ఆ టైంలో ఇంకోటి లేదు. నేను సగం నీళ్ళు తోడేసి కొత్తవి పోసేదాకా, దాదాపు ముప్పావు గంట, ఆ మోకాళ్ళతో నిలబడే పోశాడు. గప్పీలు తొమ్మిది బతికాయి. రొయ్యలు పన్నెండూ పోయాయి. మందు పోసినప్పుడు బతికున్నప్పటి కంటే చనిపోయాక ఇంకా ఎర్రగా ఉన్నాయి, ఉడికించినట్టు.

“నువ్వు ఇంత పొద్దున్న ఈ గదిలోకి ఎందుకొచ్చావు నాన్నా?” అని అడగబోయి ఆగాను. కర్టెన్ కొంచెం పక్కకి జరిపి ఉంది.

ఆ ఆదివారం మా మామయ్య వచ్చాడు. ముమ్మిడివరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తాడు. ఒకప్పుడు టైగర్, ఇప్పుడు వనామీ. తొట్టి చూసి పగలబడి నవ్వాడు. “ఒరేయ్ అల్లుడూ, నువ్వు పోగొట్టాలని చూసేదాన్ని నేను డబ్బులు పెట్టి పెంచుతున్నానురా!”

నిజమే. చెరువులో పిల్ల వెయ్యకముందే నీళ్ళకి రంగు రావాలి. తవుడు, బెల్లం పులియబెట్టి చల్లుతారు. ఆకుపచ్చగానో లేత గోధుమగానో నీరు తిరిగితే అందులో కంటికి కనపడని నాచు, దాన్ని తినే సూక్ష్మజీవులు, వాటిని తినే రొయ్య పిల్ల. నలుపు తెలుపు బిళ్ళని తాడుతో నీళ్ళలోకి దించి ఎంత లోతులో కనపడకుండా పోతుందో చూస్తారు. ముప్పై, నలభై సెంటీమీటర్లయితే చెరువు బాగున్నట్టు. మరీ తేటగా ఉన్నా భయమే, మరీ చిక్కబడ్డా భయమే. చిక్కబడితే పగలు ఆక్సిజన్ పుష్కలంగా ఇచ్చే నాచే రాత్రి దాన్ని పీల్చేస్తుంది. తెల్లవారుజాము మూడు, నాలుగు గంటలకి చెరువు ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఏరేటర్లు. అందుకే ఆయన పదేళ్ళుగా ఆ టైంలో నిద్రపోయింది తక్కువ. ఒక్కసారిగా నాచంతా చచ్చినా అంతే. “నీ తొట్టిలో జరిగింది అదే. నీకు పన్నెండు పోయాయి. నాకైతే పంట పోద్ది.”

తర్వాత ఆయన అడిగిన ప్రశ్నలు నా ఎక్సెల్ షీటులో లేవు.

“మేత ఎంతేస్తున్నావ్?”

“మూడు పూటలా చిటికెడు.”

“తిన్నాయో లేదో ఎప్పుడు చూస్తావ్?”

చూడను. చెరువులో చెక్ ట్రే ఉంటుంది. మేత వేసిన రెండు గంటలకి పైకి లేపి, మిగిలితే మర్నాడు తగ్గిస్తారు. పది గప్పీలకి నేను వేస్తున్నది యాభై గప్పీల మేత. మిగిలింది కుళ్ళి అమ్మోనియా, ఆపైన నైట్రైట్, నైట్రేట్. నాచుకి ఎరువు నేనే వేస్తున్నాను.

“లైటు ఎంతసేపు?”

ఇక్కడ నాకు నోరు పెగల్లేదు. తొట్టి మీది ఎల్‌ఈడీ. వీడియో కాల్స్‌లో నా వెనకాల పచ్చగా వెలుగుతూ అందంగా కనపడుతుందని పొద్దున ఆన్ చేసేవాణ్ణి. మా క్లయింటు అమెరికా వాళ్ళు. కాల్స్ రాత్రి పదకొండు దాకా. ‘వావ్, నైస్ ట్యాంక్’ అని వాళ్ళు అన్నప్పుడల్లా నాకదో ఆనందం. అంటే రోజుకి పదిహేను గంటల పైన లైటు. మొక్కల తొట్టికి ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు. ఇరవై వరసలున్న నా షీటులో లైటు గంటలకి ఒక్క వరస లేదు. కిటికీకి మాత్రం ఉంది.

మామయ్య వెళ్ళాక కుదురుగా చదివాను, ఈసారి మందుల గురించి కాదు. 1996లో కెనడాకి చెందిన పాల్ సియర్స్, కెవిన్ కాన్లిన్ ఒక పద్ధతి చెప్పారు. మొక్కలకి నైట్రేటు, పొటాషియం, ఇనుము, కార్బన్ డయాక్సైడు లోటు లేకుండా ఇవ్వాలి. ఫాస్ఫేటు మాత్రం వెయ్యకూడదు. ఆకలి మీదున్న మొక్కలు ఉన్న కాస్త ఫాస్ఫేటునీ లాగేసుకుంటాయి, నాచుకి మిగలదు. చాలా ఏళ్ళు అందరూ ఇదే నమ్మారు. తర్వాత కాలిఫోర్నియాలో టామ్ బార్ అనే ఆయన మొక్కలు దట్టంగా ఉన్న తొట్టిలో కావాలనే ఫాస్ఫేటు వేసి చూపించాడు. నాచు రాలేదు. సిద్ధాంతంలో గొడవపడ్డా, ఆచరణలో ఇద్దరిదీ ఒకటే మాట. మొక్కలు బలంగా, ఎక్కువగా ఉండాలి. డయానా వాల్‌స్టాడ్ 1999లో రాసిన పుస్తకంలోనైతే మామూలు మట్టి, గుబురుగా మొక్కలు ఉంటే కిటికీ వెలుగు వాడుకోవడంలో తప్పేం లేదంటుంది.

నా తొట్టిలో ఐదారు మొక్కలు. అవీ నెమ్మదిగా పెరిగే రకాలు, ఫోటోలో బాగుంటాయని కొన్నవి. కిటికీ నేరం పావలా వంతు ఉంటే ఉండొచ్చు. ముప్పావలా నాదే.

సారీ చెప్పాలని అరుగు మీదికి వెళ్ళాను. మా ఇంట్లో ఆ మాట వాడుక లేదు. ఏం చెప్పాలో తెలీక, “తొట్టి ఎక్కడ పెడితే ఎండ పడదు నాన్నా?” అని అడిగాను.

నాన్న లేచొచ్చాడు. గది మధ్యలో నిలబడి, చేత్తో చూపిస్తూ చెప్పాడు. ఏడింటికి ఎండ ఇదిగో ఇక్కడిదాకా వస్తుంది. ఎనిమిదిన్నరకి ఈ గచ్చు గీత దగ్గరికి తగ్గుతుంది. చలికాలంలో పొద్దు దక్షిణం పక్కనించి లేస్తుంది కాబట్టి ఎండ ఉత్తరం గోడ వైపు పడుతుంది. ఎండాకాలంలో ఇటు. పదింటి తర్వాత ఎండ ఉండదు, వెలుగే. “బుటా ఎత్తాలంటే ఆ వెలుగే కావాలి. ఎండలో జరీ మెరిసి పోగు కనపడదు. మీ అమ్మకి ఆ పక్క, నాకీ పక్క.” నలభై ఏళ్ళు ఆ వెలుగు కింద లెక్కపెట్టుకున్న మనిషి. నేను ఏడు రోజులు షీటులో రాసుకుని అతనికి కిటికీ మూసేశాను.

“కిటికీ ఉన్న గోడకే పెట్టు, పక్కకి” అన్నాడు. ఆ గోడ మీద ఆ కిటికీ ఎండ ఎప్పుడూ పడదు కదా! వెలుగు మాత్రం గదంతా ఉంటుంది. ఇంత తేలిక సంగతి నాకు తట్టలేదు. ఇద్దరం కలిసి నీళ్ళు తోడి, తొట్టి జరిపాం. కర్టెన్ అమ్మ పట్టుకుపోయింది. దాన్ని ఇప్పుడు కుట్టుమిషన్ మీద కప్పుతోంది.

ఆ తర్వాత చేసినవి పెద్ద పనులేం కావు. లైటుకి రెండువందల రూపాయల టైమర్, రోజుకి ఆరు గంటలు. మేత రోజుకి ఒక పూట, ఆదివారం పస్తు. వారానికి మూడో వంతు నీళ్ళ మార్పు. మామయ్య వాళ్ళ కాలువలోంచి హైడ్రిల్లా తెప్పించి, పొటాషియం పర్మాంగనేట్ నీళ్ళలో కాసేపు ముంచి కడిగి, వెనకంతా గుబురుగా నాటాను. పొలాల వాళ్ళు కాలువలకి అడ్డం పడుతుందని తిట్టుకునే ఆ మొక్కే నా తొట్టిలో నాచు మేతని లాగేసింది. వారంలో జానెడు పెరుగుతుంది, కత్తిరిస్తూనే ఉండాలి. మూడు వారాలకి గాజు తేటపడింది. రాగి పూర్తిగా పోయేదాకా రెండు నెలలు ఆగి, చాలాసార్లు నీళ్ళు మార్చి, అప్పుడు మళ్ళీ ఎనిమిది రొయ్యలు తెచ్చాను.

దారం నాచు మాత్రం మొండిది. నేను టూత్‌బ్రష్‌తో తిప్పి లాగుతుంటే మధ్యలో తెగి, ముక్కలు తొట్టంతా చిందేవి. ఒకరోజు నాన్న చూసి చూసి, “లాగకురా, చుట్టు” అన్నాడు. అటక మీద మగ్గం సామాన్లలోంచి ఒక సన్న వెదురు పుల్ల తీయించాడు. నీళ్ళలోకి దించి, పోగు కొన పుల్లకి అందుకుని, నెమ్మదిగా వేళ్ళ మధ్య తిప్పడం మొదలుపెట్టాడు. కండెకి దారం చుట్టినట్టు. పోగు తెగలేదు. ఆకు కదల్లేదు. జానెడు నాచు మొదలంటా పుల్లకి చుట్టుకుని వచ్చింది. అమ్మ గుమ్మంలో నిలబడి, “ఆ చివర వదిలేశావు” అంది. ఇద్దరూ కలిసి ఇంకో అరగంట అదే పని.

ఇప్పుడు ఎనిమిదింటికి నాన్న కుర్చీ మళ్ళీ కిటికీ దగ్గర ఉంటోంది. నేను కాల్స్‌లో గోడ ముందు కూర్చుంటున్నాను. క్లయింటు ఒకాయన ట్యాంక్ ఏమైందని అడిగాడు. జరిపామని చెప్పాను.

ఫిల్టరు గొట్టం మీద నల్ల కుచ్చు ఇంకా ఉంది. మొన్న గొట్టం తీసి బ్లీచింగ్ నీళ్ళలో వేద్దామని చెయ్యి పెట్టబోతే నాన్న ఆపాడు. రొయ్యలు దాని మీదే మేస్తున్నాయట. పొద్దున్నే ఆరు, సాయంత్రమైతే ఎనిమిదీ అక్కడే ఉంటాయట. లెక్కపెడుతున్నాడన్నమాట.